రెండు అంకెల నిశ్శబ్దం

ఆగడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు. బస్సు నిలబడకముందే దిగేదాన్ని, సూప్ చల్లారకముందే తాగి నాలుక కాల్చుకునేదాన్ని. హార్న్ అనే ఇత్తడి బాకా ఊదేటప్పుడూ అదే తీరు. పాట కాగితం మీద రెండు అంకెలు, అంటే రెండు తాళపు దెబ్బలు, ఆగమని ఉంటే ఒకటి లెక్కపెట్టి దూకేదాన్ని. పియానో దగ్గర అమ్మ ఉండేది కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. నాకైతే అసలే తెలియదు.

మా అమ్మ ఆర్డిస్ హెగ్లండ్ మా ఊరి చర్చిలో ముప్ఫై ఏళ్ళు పియానో వాయించింది. అక్కడ పాడేవాళ్ళలో సగం మందికి తాళం రాదు, మిగతా సగం మందికి చెవులు వినిపించవు. ఒకరు ముందుకి పరిగెత్తేవాళ్ళు, ఒకరు వెనక్కి ఈడ్చేవాళ్ళు. అమ్మ ఎవర్నీ పల్లెత్తు మాట అనేది కాదు. ఎవరు ఎక్కడ తప్పితే అక్కడికే వెళ్ళి వాళ్ళని అందుకునేది. "తప్పెవరిదో తరవాత చూసుకోవచ్చు, పాట మాత్రం ఆగకూడదు," అనేది. మా ఊరి పెళ్ళిళ్ళూ, సమాధి ప్రార్థనలూ, స్కూలు పిల్లల పోటీలూ అన్నీ ఆ ఒక్క మాట మీదే నడిచాయి.

నేను చెప్పేది పంతొమ్మిదివందల ఎనభై తొమ్మిది జనవరి నుంచి మార్చి దాకా, కాలేజీల్లో సంగీతం ఆడిషన్లు, అంటే వాయించి చూపించే ఎంపికలు, జరిగే రోజుల సంగతి. సంగీతం చదవాలనుకునే హైస్కూలు ఆఖరి ఏడాది పిల్లలందరూ శనివారం వస్తే వాయిద్యాలు మోసుకుని కాలేజీల చుట్టూ తిరుగుతారు. నచ్చితే వాళ్ళ బ్యాండులో కుర్చీ, దాంతోపాటు స్కాలర్‌షిప్. నాకు మూడు చోట్లనుంచి పిలుపొచ్చింది. మూడింట్లో ఒక్కటీ దక్కకపోతే నాకు కాలేజీ లేదు. ఇంట్లో ఆ మాట ఎవరూ పైకి అనలేదు, అనక్కర్లేకుండానే అందరికీ తెలుసు. అమ్మ కిందటి సెప్టెంబరులో చనిపోయింది.

చనిపోయే ముందు నెలలో అమ్మ నా ఆడిషన్ పాటకి పియానో వరస వాయించి నాకోసం ఒక క్యాసెట్ చేసింది. ఊపిరితిత్తుల జబ్బు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. నాన్న ఆమెని ఎత్తుకెళ్ళి చర్చి హాల్లో పియానో ముందు కూర్చోబెట్టాడు. "ఆడిషన్లప్పుడు నేనుంటానో ఉండనో, ఇదుంటుంది," అంది అమ్మ, పాలు ఫ్రిజ్‌లో పెట్టానని చెప్పినంత మామూలుగా. టేపులో హార్న్ పడకూడదు కాబట్టి నేను ఎదురుగా నించుని, ఊదకుండా వేళ్ళు మాత్రం కదిపాను. ఆ పాట నడుమ ఒకచోట హార్నూ పియానో రెండూ ఆగిపోతాయి. రెండు అంకెలు నిశ్శబ్దం. ఆ తరవాత ఇద్దరూ ఒకేసారి మొదటి వరస మళ్ళీ ఎత్తుకోవాలి. అక్కడ అమ్మ నాకు సైగగా ఊపిరి తీసుకుంది. అదీ టేపులో పడింది. జబ్బు మనిషి ఊపిరి, చివర్లో కొంచెం గీసుకుపోతూ ఉంటుంది.

నవంబరులో మా బ్యాండు మాస్టారు కూజెల్ దానికి ఒక కాపీ తీసిచ్చాడు. కాపీ అంతా బరబరమని చప్పుడు, అమ్మ ఊపిరి అందులో వినిపించదు. రోజూ సాధనకి కాపీ వాడాను. అసలు క్యాసెట్‌ని నాన్నదే ఒక బూడిద రంగు మేజోడులో చుట్టి, ఆడిషన్లకోసం హార్న్ కేసులో దాచాను.

*

మొదటి ఆడిషన్ దక్షిణాన మూడు గంటల దూరంలో ఒక చిన్న కాలేజీలో. నాన్న తన పికప్ ట్రక్కులో తీసుకెళ్ళాడు. బయట సున్నాకి ఇరవై డిగ్రీలు కింద. ఆ చలిలో ఇత్తడి పెదవికి తగిలితే చర్మం ఊడొస్తుంది, అందుకని పెదవులకి ఆనించి ఊదే మౌత్‌పీస్‌ని దారంతా చంకలో పెట్టుకుని కూచున్నాను. నాన్న పేరు ఆర్లెన్. కౌంటీ వాళ్ళ, అంటే జిల్లా సర్కారు వాళ్ళ, మంచు తోసే లారీ నడుపుతాడు. చలికాలమంతా ఆయన సహవాసం రోడ్డుతోనే, మనుషులకి మిగిలే మాటలు రోజుకి పదో పదిహేనో.

"ఎలా ఉంది?" అన్నాడు కాలేజీ ముందు ఆపి.

"ఏది?"

"చంకలోది."

"వెచ్చగానే ఉంది."

"సరే అయితే."

ఆశీర్వచనం అంటే మా నాన్నకి అదే.

లోపల బల్ల వెనక ముగ్గురు కూచున్నారు. ఒకావిడ నా క్యాసెట్ తీసుకుని మెషీన్‌లో పెట్టింది. "సరే సోల్వే. ఒకటి, రెండు, మూడు," అంది అమ్మ గొంతు. ముగ్గురూ తలెత్తి చూశారు. నేను బాగానే ఊదాను, ఆ నిశ్శబ్దం దాకా. అక్కడ అలవాటు ప్రకారం వచ్చేశాను. పియానో రాలేదు. నా స్వరం ఒక్కటే ఆ గదిలో నిలబడింది. దాని వెనక అమ్మ ఊపిరి తీసుకోవడం వినిపించింది, తాపీగా, నేనింకా మొదలే పెట్టనట్టు. ఆ తరవాత పియానో వచ్చింది. కిందా మీదా పడి ఎలాగో కలుపుకుని పూర్తి చేశాను.

"ఆ మధ్యలో ముందొచ్చేశావమ్మా," అన్నాడు ముగ్గురిలో గడ్డం ఉన్నాయన. "పియానో ఎవరు?"

"మా అమ్మ."

"ఆవిడ ఆగింది, నువ్వు ఆగలేదు," అని కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

ఇంటికొచ్చాక బూట్లు కూడా విప్పకుండా కాపీ పెట్టాను. అదే చోటు, ఒక అంకె, అమ్మ నాతోపాటే దూకింది. నాలుగుసార్లు పెట్టినా నాతోపాటే దూకింది. అసలు క్యాసెట్ పెట్టాను. ఆగింది. అవే చేతులు, అదే మధ్యాహ్నం, అదే పాట. ఒకదాంట్లో అమ్మ ఆగడం లేదు, ఒకదాంట్లో ఆగుతోంది. వీపు మీద చన్నీళ్ళు పోసినట్టయింది. ఆ కాలేజీవాళ్ళు పది రోజుల్లో మర్యాదగా వద్దని రాశారు.

*

కూజెల్ మాస్టారు మా స్కూల్లో డ్రమ్ము నుంచి ఫ్లూట్ దాకా అన్నిటికీ ఒక్కడే గురువు. వెళ్ళి రెండు క్యాసెట్లూ ఆయన బల్ల మీద పెట్టాను.

"నీ పాట నేనెప్పుడూ వినలేదు," అన్నాడు ఆయన తప్పుచేసినవాడిలా. "ఆర్డిస్ చూసుకుంటోంది కదా అని వదిలేశాను."

అచ్చు కాగితం ముందు పెట్టుకుని కాపీ విన్నాడు. ఆ చోట చెయ్యెత్తి ఆపాడు. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు.

"ఇక్కడ ఒక అంకె లేదు సోల్వే."

"అమ్మ తినేసిందా?"

"ముప్ఫై ఏళ్ళలో ఆర్డిస్ ఒక్క అంకె తిని ఎరగదు. తిన్నది నువ్వు. ఆవిడ నీ వెంట వచ్చింది."

అప్పుడు గుర్తొచ్చింది. చర్చి హాల్లో అమ్మ కళ్ళు కాగితం మీద లేవు, నా భుజం మీద ఉన్నాయి. నేను ఊదకపోయినా నా భుజం ముందే లేచుంటుంది. సిగ్గేసింది, దానికి మించి ఏడుపొచ్చింది. ఊపిరి అందక అల్లాడుతున్న మనిషిని కూడా నేను తొందరపెట్టాను. ఆ తొందర ఆమె వేళ్ళలో పడి ఎప్పటికీ అలాగే ఉండిపోయింది.

మాస్టారు తాళం లెక్క చూపే మెట్రోనోమ్ తీసి ఇప్పుడు అసలు క్యాసెట్ పెట్టాడు. ముల్లు అటూ ఇటూ ఊగుతుంటే ఇద్దరం లెక్కపెట్టాం. ఆ నిశ్శబ్దం కాపీలో ఒక అంకె. అసలుదాంట్లో ఒకటిన్నర.

"మెషీన్ల తేడా అయ్యుంటుంది," అన్నాడు మాస్టారు మెడ గోక్కుంటూ.

"అయితే పాటంతా సాగాలి కదా. ఆ ఒక్క చోటే సాగిందేం?"

"నేను బ్యాండు మాస్టర్నే తల్లీ, మెకానిక్కుని కాను. నా మాట విని అక్కడ వాళ్ళ పియానోవాళ్ళతో వాయించు. ఏ కాలేజీలోనైనా ఒకరుంటారు."

"అమ్మతోనే వెళ్తాను," అన్నాను. మొండితనం కూడా నాకు చిన్నప్పటినుంచీ ఉంది.

ఆ వారంలోనే ఇంకో సంగతి కనిపెట్టాను. పడుకునే ముందు నేను క్యాసెట్‌ని మొదటికి తిప్పి మేజోడులో చుట్టి పెట్టేదాన్ని. స్కూలుకి వెళ్ళేముందు కేసు తెరిస్తే హార్న్ గది వెచ్చదనంలోనే ఉండేది, క్యాసెట్ మాత్రం ఆరుబయట పెట్టి తెచ్చినట్టు చల్లగా ఉండేది. టేపు మొదట్లో ఉండేది కాదు. మెషీన్‌లో పెట్టి నొక్కితే సరిగ్గా ఆ నిశ్శబ్దం దగ్గరనుంచి మొదలయ్యేది. ముందు ఊపిరి, తరవాత పియానో.

లవాన్ అత్తతో చెప్పాను. ఆవిడ నాన్నకి అక్క, ఎదురిల్లే, అమ్మ పోయినప్పటినుంచీ మంగళవారం, శుక్రవారం మాంసం, బంగాళాదుంపలు కలిపి కాల్చిన హాట్‌డిష్ గిన్నె పట్టుకుని వచ్చి మాకు తిండీ తిట్లూ పెట్టి వెళ్ళేది.

"అత్తా, అమ్మ క్యాసెట్ చల్లగా ఉంటోంది."

"ఈ ఊళ్ళో చల్లగా లేనిదేదే? నా పాదాలు పట్టుకు చూడు, శవమే నయం." గిన్నె బల్ల మీద పెట్టింది. "ఆ ఇత్తడి నత్తగుల్ల పట్టుకుని నువ్వు ఊళ్ళు తిరుగుతున్నావు సరే, చర్చిలో పియానో ఎవరు వాయిస్తారు? నన్ను కూచోమంటావా? దేవుడు కూడా కోటు తగిలించుకుని బయటికి నడుస్తాడు."

"నాకు హార్నే వచ్చు అత్తా."

"పియానో కూడా వచ్చు. మీ అమ్మ నేర్పడం నా కళ్ళతో చూశాను. ఆ పియానో బల్ల అలా ఖాళీగా ఉంటే ఆదివారం ఆదివారం అటు చూడలేక కిటికీ వంక చూస్తున్నాను." ఆవిడ గొంతు అక్కడ కాస్త తగ్గింది. వెంటనే సర్దుకుని నాన్నని కేకేసింది. "ఒరేయ్, తింటావా, లేక నీ లారీకి పెట్టమంటావా?"

నాన్న వచ్చి కూచున్నాడు. నేను లేచేసరికే ఆయన లారీ తీసుకుని వెళ్ళిపోయేవాడు, ఏడింటికి ఒకసారి కాఫీకి వచ్చి మళ్ళీ వెళ్ళేవాడు. ఆ చలికాలం మంచు ఎక్కువ పడింది. ఆయన కళ్ళకింద నల్లగా అయిందని చూశాను, పని ఎక్కువ అనుకున్నాను.

*

రెండో ఆడిషన్ ఫిబ్రవరి నడిమిలో, ఒక పెద్ద విశ్వవిద్యాలయంలో. అక్కడ నిర్ణేతలు పరదా వెనక కూచుంటారు. వాయించేది ఆడో మగో, ఎవరి పిల్లో తెలియకూడదని నియమం. అడుగుల చప్పుడు వినబడకుండా నేలమీద తివాచీ పరిచారు. నోరు విప్పకూడదు, ఏం చెప్పాలన్నా వెంట వచ్చిన ఉద్యోగి చెవిలో చెప్పాలి. నేను పద్నాలుగో నంబరుని. అమ్మ గొంతు వినబడితే నా పేరు బయటపడుతుందని, ఉద్యోగి ఆ మాటలు దాటించి పాట దగ్గర పెట్టింది.

మూడు వారాలు నేను రెండు అంకెలు ఆగడం సాధన చేశాను. ఆ చోటు వచ్చింది. ఒకటి. ఊపిరి వినిపించింది. ఇంతకుముందుకన్నా పొడుగ్గా, లోతుగా, మగవాళ్ళ ఊపిరంత బరువుగా. అది అయ్యీ అవకముందే పియానో వచ్చేసింది. నేను రెండు దగ్గర వచ్చాను. ఈసారి వెనకబడింది నేను.

పాట అయిపోయాక పరదా వెనక కాసేపు గుసగుసలు. తరవాత ఒక మగ గొంతు అడిగింది. "మీతో లోపల ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరండీ, పద్నాలుగో నంబరు ఒక్కరే," అంది ఉద్యోగి.

"తలుపు వేసే ఉందా?"

"వేసే ఉందండీ."

"మాకు ఇద్దరి ఊపిరి వినిపించింది. ఒకరు తీసుకోవడం అయ్యాక ఇంకొకరు తీసుకున్నారు."

ఉద్యోగి టేపు వైపు వేలు చూపిస్తూ, అది అందులోదేనా అన్నట్టు నా మొహంలోకి చూసింది. నాకు మాట్లాడే హక్కు లేదు. క్యాసెట్ తీసి మేజోడులో చుట్టుకుని తివాచీ మీదుగా చప్పుడు కాకుండా బయటికొచ్చాను. అక్కడినుంచీ వద్దనే ఉత్తరమే వచ్చింది.

ఇక మిగిలింది ఒక్కటి.

*

మార్చి మొదటి గురువారం మధ్యాహ్నం మంచుతుపాను వచ్చి స్కూలు మూసేశారు. బస్సులు లేవు. నాన్న లారీ స్కూలు ముందు ఆపి హారన్ కొట్టాడు. కౌంటీ బండిలో ఇంట్లోవాళ్ళని ఎక్కించుకోకూడదు, అయినా మా ఊళ్ళో అది పట్టించుకునేవాడు లేడు. ఊరి చివర నాన్న బండి ఆపి, లారీ ముందు మంచు తోసే రేకుకి పట్టిన గడ్డలు కొట్టడానికి ఇనపకడ్డీ తీసుకుని దిగాడు. అద్దం అవతల అంతా తెలుపు. ఆయన కూడా నాలుగడుగుల్లో మాయమై, ఠంగ్ ఠంగ్‌మని చప్పుడు మాత్రం మిగిలాడు.

హీటర్ పెంచుదామని ముందుకి వంగితే మీటల పక్కన బూడిద రంగు మేజోడు ఖాళీగా కనిపించింది.

ఆ పొద్దున్న నాన్న కాఫీకి రాలేదు, నేనూ కేసు తెరిచి చూడలేదు. తరవాత లారీలో ఉన్న టేప్ మెషీన్ మీట నొక్కాను. ఊపిరి వచ్చింది. ఎంతసేపు వచ్చిందో. ఆ గుడ్డి తెలుపులో, ఆ ఇరుకు గదిలో, నా కుడిచెవి పక్కనే అమ్మ ఊపిరి పీలుస్తూ, పీలుస్తూ ఉంది.

తలుపు తెరుచుకుని నాన్న ఎక్కాడు. కనుబొమల మీద మంచు. విన్నాడు. మీట ఆపలేదు.

"అక్కడ ఊపిరి తీసుకుంటుంది," అన్నాడు.

"తెలుసు నాన్నా."

"కాపీలో లేదు."

"ఎన్నిసార్లు విన్నావు?"

ఆయన చేతి తొడుగులు విప్పి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "ముందు రోడ్డు కనబడదు కదా. ఇది పెట్టుకుంటే నడపగలను. వినడం, వెనక్కి తిప్పడం. అంతే. డిసెంబరునుంచి."

అప్పుడు అర్థమైంది. పాత మెషీన్, కొరికే చలి, ఒకే చోట ఆపడం, తిప్పడం, లాగడం. ఆ జానెడు టేపు సాగింది. రోజూ కొంచెం కొంచెం, మా నాన్న దాన్ని సాగదీశాడు, ఏడింటికి కాఫీకి వచ్చినప్పుడు తిరిగి కేసులో పెట్టేశాడు. నాకు భయం పోయి కోపం వచ్చింది.

"నీవల్ల నాకు రెండు కాలేజీలు పోయాయి."

అలా అన్నందుకు ఇప్పటికీ నాలుక కొరుక్కుంటాను. నాన్న మీట ఆపాడు. క్యాసెట్ తీసి, మేజోడులో చుట్టి, నా ఒళ్ళో పెట్టాడు.

"ఇంక ముట్టుకోను," అన్నాడు. ముట్టుకోలేదు కూడా. ఆ మాట నేను నమ్ముతాను, ఎందుకంటే తరవాతి వారమంతా మంచే పడలేదు, లారీ షెడ్డు దాటలేదు, నాన్న పొద్దున్నపూట వంటింట్లో కాఫీ కప్పు పట్టుకుని ఊరికే కూచున్నాడు. అయినా శుక్రవారం నేను కేసు తెరిస్తే క్యాసెట్ చల్లగానే ఉంది. ఆ చోటే ఆగి ఉంది.

మాస్టారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పెన్సిల్ పెట్టి టేపుని కొంచెం బయటికి లాగి వెలుతురుకి పట్టాడు. ఉల్లిపొరలోంచి కనబడినట్టు అవతలి కిటికీ కనబడుతోంది.

"ఇంత సాగిన టేపు తెగాలి. ఎలా ఆగిందో నాకు తెలియదు," అన్నాడు. జాగ్రత్తగా ఒక్కసారి వినిపించి మెట్రోనోమ్‌తో చూశాడు. నేనూ వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఒకటి. రెండు. పియానో. అచ్చు కాగితంలో ఉన్నట్టే, వెంట్రుకవాసి తేడా లేకుండా.

మాస్టారు మెట్రోనోమ్ ముల్లుని వేలితో ఆపాడు. "ఇప్పుడు సరిపోయింది," అన్నాడు చివరికి. "కానీ ఇంకొక్కసారి తట్టుకుంటుందేమో. ఆ తరవాత దీని మీద ఆశ పెట్టుకోకు."

*

మూడో ఆడిషన్‌కి దారంతా మంచు కరుగుతోంది. పికప్ చక్రాలకింద బురద చప్పుడు. క్యాసెట్ నా కోటు జేబులో ఉంది, మౌత్‌పీస్ చంకలో ఉంది. ఆ రెండు గంటలూ నేను ఒకటే ఆలోచించాను. ఏడునెలలకి అమ్మా నేనూ ఆ చోట ఒకేసారి ఎత్తుకోగలం. ఆమె ఆగుతుంది, నేనూ ఆగుతాను. నేను చేసిన తప్పు నేనే దిద్దుకున్నట్టవుతుంది. ఆ ఒక్కసారికోసమే టేపు ఇన్నాళ్ళు తెగకుండా ఉందేమో అనిపించింది. కావాలనిపించింది, ఎంతగా అంటే పళ్ళు నొప్పెట్టేంతగా.

కాలేజీ ముందు బండి ఆగింది. నాన్న స్టీరింగ్ వదలకుండా ముందుకి చూస్తున్నాడు. ఆ వారం రోజుల్లో ఆయన చెంపలు లోపలికి పోయాయి.

జేబులోంచి మేజోడు తీసి సీటు మీద పెట్టాను.

"లోపల వాళ్ళ పియానో ఆవిడ ఉందిట," అన్నాను.

"నీకు కావాలిగా."

"నువ్వు విను నాన్నా. ఒక్కసారే."

ఆయన మేజోడు వంక చూశాడు. "చంకలోది?" అన్నాడు.

"వెచ్చగా ఉంది."

"సరే అయితే."

పియానో ఆవిడ పేరు ఓడెగార్డ్. పొట్టి మనిషి, మెడలో కళ్ళజోడు తాడు. కాగితం ఒకసారి పైనుంచి కిందికి చూసి, "ఎక్కడైనా తొందరపడతావా?" అంది.

"ఇదివరకు పడేదాన్ని."

మొదలుపెట్టాం. ఆవిడ చేతులు అమ్మ చేతులు కావు, గట్టివి, ఎవరి వెంటా పరిగెత్తే రకం కాదు. నేను ఆవిడని విన్నాను. ఆ చోటు వచ్చింది, రెండు వాయిద్యాలూ ఆగిపోయాయి. ఒకటి. భుజం కదలనివ్వలేదు. గోడమీద గడియారం, కిటికీలో కారుతున్న నీళ్ళు, బల్ల వెనక నలుగురి మొహాలు, అన్నీ కనిపిస్తున్నాయి. అంత పొడుగైన అంకె నా బతుకులో లెక్కపెట్టలేదు. రెండు. ఊపిరి తీసుకున్నాను, ఎత్తుకున్నాను. ఆవిడ నాతోనే ఉంది.

అయిపోయాక నేను కేసు సర్దుకుంటుంటే ఓడెగార్డ్ దగ్గరికొచ్చి మెల్లగా అంది. "బాగా ఆగావు. పిల్లలు అక్కడ దూకుతారు. నేనే కాస్త తికమకపడ్డాను."

"ఎక్కడండీ?"

"నువ్వు ఊపిరి తీసుకోగానే రావాలని చెయ్యెత్తాను. తీరా చూస్తే అది నీది కాదు, నీ భుజం కదల్లేదు. చెయ్యి గాల్లోనే పట్టుకున్నాను. రెండోసారి తీసుకున్నావు చూడు, అప్పుడొచ్చాను." కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ముందు తీసుకుందెవరు? బల్ల దగ్గరున్న వాళ్ళా?"

"తెలియదండీ," అన్నాను. హార్న్ కేసు గొళ్ళెం పెట్టాను.

బయటికొస్తే నాన్న పికప్ ఇంజన్ ఆపేసి కూచుని ఉన్నాడు. బండిలోని టేప్ మెషీన్ నోట్లోంచి గోధుమరంగు టేపు చుట్టలు చుట్టలుగా ఆయన ఒళ్ళోకి జారి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ మొహం తేటగా ఉంది.

"తెగింది," అన్నాడు.

"ఎప్పుడు?"

"నువ్వు వెళ్ళిన కాసేపటికి."

"ఎక్కడ తెగింది?"

"ఊపిరి అయ్యాక." టేపుని జాగ్రత్తగా వేలికి చుట్టుకుంటూ అన్నాడు. "పూర్తిగా విన్నాను."

*

ఏప్రిల్‌లో ఆ కాలేజీనుంచి మందపాటి కవరు వచ్చింది. వద్దనే కవర్లు పల్చగా ఉంటాయి కాబట్టి విప్పకుండానే తెలిసింది. లవాన్ అత్త ఏడ్చి, ఆ తరవాత చర్చి పియానోకి పక్క ఊరి మనిషిని మాట్లాడింది. ఆ మనిషి ఎవర్నీ అందుకోదనీ, తన దారిన తాను వాయించుకుపోతుందనీ ఆదివారం ఆదివారం అత్త ఫిర్యాదు. కూజెల్ మాస్టారు టేపులో సాగి తెగిన ముక్క కత్తిరించి అతుకు వేసిచ్చాడు. ఆ ముక్కతోపాటు నిశ్శబ్దం మొత్తం పోయింది. ఇప్పుడు ఆ క్యాసెట్‌లో అమ్మ ఎక్కడా ఆగదు.

ఆగస్టు చివర్లో నేను బయలుదేరే రోజు పొద్దున్న సామాను పికప్‌లో ఎక్కించాం. అత్త వంటింట్లో గిన్నెలు తోముతూ, దారిలో తినమని కట్టిన రొట్టెల గురించి కుళాయి చప్పుడు మీదుగా కేకలు పెడుతోంది. నాన్న ముందుగదిలో కిటికీ పక్కన కుర్చీ లాక్కుని కూచున్నాడు.

"హార్న్ తియ్యి," అన్నాడు.

"ఏం వాయించను?"

"వాయించొద్దు. ఆ చోటు."

ఆ రెండు అంకెల నిశ్శబ్దమని నాకు అర్థమైంది. కేసు తెరిచి హార్న్ ఎత్తాను. నాన్న కళ్ళు మూసుకున్నాడు. ఒకటి లెక్కపెట్టాను. రెండు లెక్కపెట్టాను. ఊపిరి తీసుకున్నాను, నిండుగా, చివర్లో కొంచెం గీసుకుపోతూ. అలా తీసుకోవాలని నేను అనుకోలేదు, అది అలాగే వచ్చింది. ఊదలేదు.

వంటింట్లో కుళాయి ఆగిపోయింది.

"ఒరేయ్ ఆర్లెన్," అంది అత్త వంటింట్లోంచే. "ఎవరొచ్చార్రా?"

నాన్న కళ్ళు తెరిచి నా వంక చూశాడు.

"మన సోల్వేనే," అన్నాడు.